మొదటి గడి

తదియ, పోటు వేళ

అమ్మడూ,

చల్లగది సరిగానే ఉంది. దానికి కరెంటు ఇచ్చే చక్రం కాలవలో తిరుగుతోంది. ముందు ఈ రెండు ముక్కలూ రాయాలని ఇస్రాయేలు మేష్టారు చెప్పారు కాబట్టి రాశాను. మిగతా కాగితమంతా నీది.

చల్లగది తాళం ఎవరి కొంగున ఉంటే ఈ దినచర్య వాళ్ళే రాయాలని నువ్వు నియమం పెట్టావట. నువ్వు పోయాక తాళం నా కొంగుకు వచ్చింది. నాలుగో తరగతితో ఆగిపోయిన దాన్ని, నా వల్ల ఏమవుతుంది అన్నాను. "చలి ఉందో లేదో రాయడానికి నాలుగో తరగతి ఎక్కువే మంగమ్మగారూ," అన్నారు మేష్టారు. ఆయన నవ్వించాలనే అన్నారు. నాకు నవ్వు రాలేదు గానీ కలం పట్టుకున్నాను.

పొద్దున చక్రానికి నాచు చుట్టుకుంటే మోకాలి లోతు నీళ్ళలో దిగి కొడవలితో కోశాను. కోసింది పారెయ్యలేదు. ఎండబెట్టి దంచితే పిండి అవుతుంది. బియ్యం పడవ రాని వారాల్లో మాకు ఆ రొట్టెలే గతి. ఇది రొయ్యల ఐసు ఫ్యాక్టరీగా ఉన్న రోజుల్లో నేను ఇక్కడే రొయ్యల తలలు తీశాను, నువ్వు కడుపులో ఉన్నావు. ఇప్పుడు అవే బల్లల దగ్గర కూర్చుని పిల్లలు రక్తం చదవడం నేర్చుకుంటున్నారు. గోడలు మందం కాబట్టి బాంబుల మోత కూడా పక్కింట్లో రోకలి చప్పుడులా వినిపిస్తుంది.

బట్టలు ఆరేస్తుంటే ఏరు అవతలి గట్టు వాళ్ళ వైపు నుంచి ఒక ఇనుప డేగ, అదే బాంబుల డ్రోను, వచ్చి తలమీద తిరిగి వెళ్ళిపోయింది. మన దగ్గర మాట్లాడే యంత్రం ఏదీ లేదు కదా, అందుకే దిగలేదు. ఫోను మోగిన చోట డేగ దిగుతోందని మన లంకలో ఉన్న ఫోన్లన్నీ కాలవలో ముంచిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నాది కూడా ముంచేశాను. అందులో నీ గొంతు ఉండేది, చిన్నప్పుడు నువ్వు ఎక్కాలు అప్పజెప్పిన గొంతు. అప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నావు, గొంతు దాచుకోవాలని తోచలేదు.

ఇప్పుడు నీ చేతివి మిగిలినవి చల్లగదిలో ఉన్న ట్యూబుల మీద అంకెలు. ఏడు రాస్తే తోక సాగదీస్తావు. తలుపు తీసి చలి చూసే వంకతో ఆ ఏడులన్నీ ఓసారి చూసి వస్తాను.

పంచమి

చల్లగది బాగుంది. ఐసు దిమ్మలు మార్చాను.

నిన్న నీ మాసికం. కొయ్యింగ చేపల పులుసు, గంగవాయిలి పప్పు చేశాను. ఎప్పటిలాగే మొదటి ముద్ద నీకు తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. కనకరత్నం చూస్తూ నిలబడింది. నీకు ఆ పిల్ల తెలుసు, నువ్వు పట్టుబట్టి తెచ్చిన మొదటి విద్యార్థి. నోటికి తాళం లేదు.

"పిన్నీ, మేష్టారికి నడుముక్క, మాకు తోక ముక్కలు. వేణక్కకి మాత్రం గుడ్లున్న ముక్క పెట్టావు. పోయినవాళ్ళకే మర్యాద ఇక్కడ," అంది.

"దానికి పెట్టకుండా నా గొంతు దిగదే," అన్నాను.

ఆ పిల్ల తన తోక ముక్క తినేసి వెళ్ళింది. ఇవాళ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి నా చెవి దగ్గర చెప్పింది. "నేను కూడా పెట్టాను పిన్నీ. పళ్ళెంలో మొదటి గడి అక్కకి వదిలేశాను. పక్క బల్ల మస్తాను కూడా వదిలేస్తానన్నాడు. ఇకనుంచి రోజూ. చివర ఎలాగూ ఒక గడి ఖాళీగానే మిగులుతుందిలే."

వాళ్ళ పళ్ళెం అంటే గాజు పళ్ళెం, వరసలు వరసలుగా చిన్న చిన్న గడులు. ఒక్కో గడిలో ఒక్కో మనిషి రక్తం నుంచి తీసిన చుక్క వేస్తారు. ఆ పళ్ళెంలో నీకు చోటు పెట్టారంటే నాకు ఏడుపు ఆగలేదు. దాచిన రొయ్యపొట్టు వేయించి దాని చేతిలో పెట్టాను. నీ బల్ల దగ్గర నీకు స్థలం ఉంది అమ్మడూ. నీకు చెప్పాలనే రాస్తున్నాను.

సప్తమి

చలి సరిగానే ఉంది. పోటు బలం తగ్గింది, చక్రం నెమ్మదించింది.

పని ఎక్కడో చెడింది.

నువ్వు గింజ పెట్టిన వాళ్ళ సంగతే. హెచ్ఐవి ఉన్నవాళ్ళకి రోజూ మాత్ర వేసుకునే వీలు యుద్ధం పోగొట్టింది, మందుల పడవ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని చర్మం కింద పెట్టే మందు గింజ తెప్పించావు. గింజ చేసినవాళ్ళు ఏడాదే పని చేస్తుందన్నారు. ఏడాదికోసారి ఈ తుపాకుల మధ్య ఏరు దాటి వచ్చి గింజ మార్చుకోవాలంటే ఎంతమంది ప్రాణాలతో మిగులుతారు అని నువ్వు అడిగావు. ఏడాది దాటినా గింజ వైరస్‌ను అణచి ఉంచుతుందా, ఇంకెన్నాళ్ళు ఉంచుతుంది, అది తేల్చాలని ఏరు దాటి, రెండు వైపుల జనం దగ్గరా, గింజ ఉన్నవాళ్ళదీ తీసేయించుకున్నవాళ్ళదీ, రక్తం తీశావు. చివరిసారి తీసి తిరిగి వస్తుంటే నీ పడవ మీద డేగ దిగింది. ట్యూబుల పెట్టె ఒడ్డు చేరింది. నువ్వు చేరలేదు.

ఆ ట్యూబులనే పిల్లలు ముగ్గురూ ఇప్పుడు చదువుతున్నారు. ముగ్గురూ అవే ట్యూబుల నుంచి తలో పళ్ళెం నింపి, గోడలో ఉన్న సందులోంచి అవతలి గదిలోకి తోస్తారు. అక్కడ మేష్టారు యంత్రంలో పెట్టి చదువుతారు. చుక్కలు వేసినవాళ్ళు చదివేవాళ్ళతో మాట్లాడకూడదు, సైగ కూడా చెయ్యకూడదు. మనసులో ఉన్నది అంకెల్లోకి రాకూడదని ఆ పద్ధతి. మూడు పళ్ళేలూ ఒకే మాట చెప్పాలి.

కనకానిదీ మస్తానుదీ ఒకటే చెప్పాయి. మూడోది వేరేగా చెప్పింది. మూడో పళ్ళెం గట్టు మనిషిది.

అతని పేరు ఓబులేసు. నువ్వే రమ్మన్నావట. గట్టు వైపు కూడా రక్తం చదవగలిగే మనిషి ఉండాలి అన్నావట. నీ మాసికం అయిన మర్నాడు వచ్చాడు. నువ్వు రమ్మన్న మనిషికి అన్నం పెడుతున్నాను గానీ, నిన్ను చంపిన డేగ అతని ఊరి మీద నుంచే లేచిందన్న మాట గరిటె పట్టుకోగానే గుర్తొస్తుంది. అడుగున మాడింది అతని కంచంలో పడుతుంది. అతను ఒక్క మాట అనడు, అది కూడా నాకు ఒళ్ళుమంటే.

అష్టమి

పోటు లేదు. చక్రం ఈడుస్తోంది. చల్లగదికి ఐసు దిమ్మలు మోసి, రంపపు పొట్టు కప్పి, గోనెలు పరిచాను. చలి నిలబడింది.

మళ్ళీ చదివారు, మళ్ళీ అదే తేడా. ఇద్దరు ఒకవైపు, గట్టు మనిషి ఒకవైపు.

అన్నాల దగ్గర మస్తాను అన్నాడు, "గట్టోళ్ళ లెక్కలు గట్టోళ్ళవే మరి. మా చదువు తప్పని చెప్పి పోదామనేమో."

"నీ లెక్క చెబుతున్నదేందన్నా?" అన్నాడు ఓబులేసు తల ఎత్తకుండా. "నిరుడు గింజ పెట్టినోళ్ళకు వైరస్ లేచింది, గింజ తీసేసినోళ్ళకు సున్నా అంటాంది. అట్లెట్లయితాది?"

"అంటే మా ఇద్దరికీ చేతకాదు, నీ ఒక్కడికే చేతనవును."

"అట్ల నేనన్లేదు."

"తిండి దగ్గర ఆపండి," అన్నాను. నేను అన్నది ఓబులేసు వైపు చూసి. మస్తాను వైపు చూసి అనాల్సింది.

మేష్టారు మాత్రం ఎవరినీ తప్పు పట్టలేదు. "మంగమ్మగారూ, ఏమనుకోవద్దు. అష్టమి వచ్చినప్పుడల్లా చక్రం ఆగినంత పని అవుతోంది. రక్తం చెడిపోయి ఉంటుందా?" అని మెల్లగా అడిగారు. ఏమనుకోను. చలి చెడితే నేను చెడినట్టే. చేతులు కొరికేసే చలి అమ్మడూ, నా చేతులే సాక్ష్యం. 

దశమి

చల్లగది బాగుంది. ఎవరు నమ్మినా నమ్మకపోయినా బాగుంది.

పున్నమి పోటుకి సముద్రం అవతలి పెద్ద బడి వాళ్ళ పడవ వస్తుంది. నీకు వాళ్ళతో ఉన్న పోట్లాట నాకు తెలుసు. "రక్తం తీసి పంపండి చాలు, చదవడం మేం చూసుకుంటాం" అని వాళ్ళు, "మా రక్తం మేమే చదువుకుంటాం, చదవడం మా పిల్లలకి మేమే నేర్పుకుంటాం" అని నువ్వు. చివరికి ఈ ఒక్క పని తప్పు లేకుండా చేసి చూపిస్తే బడి ఇక్కడే ఉంచుతామన్నారు. లేదంటే ట్యూబులూ యంత్రాలూ ఎక్కించుకుని పోతారు. పిల్లలు రావాలనుకుంటే వాళ్ళనీ తీసుకుపోతారు.

మేష్టారు ఇవాళ అందరినీ పిలిచి చెప్పారు. "మూడు చేతులూ కలవకుండా అంకెలు పంపితే అది అబద్ధం అవుతుంది. కలవలేదనే రాసి ఇచ్చేస్తాను. ఓబులేసూ, నువ్వు రేపటి పడవకి ఊరు వెళ్ళిపో బాబూ. ఇక్కడ ఉంటే మాటలు పడాలి."

నువ్వు కట్టిన బడి, నీ ట్యూబులతో సహా పడవ ఎక్కి పోతుంది. అవి ఎక్కడో పరాయి చల్లగదిలో ఉంటే నీ ఏడుల తోకలు చూసేదెవరు.

ఏకాదశి

చలి ఉంది.

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

ఓబులేసు పడవ మధ్యాహ్నం తరవాత. పోయే మనిషిని ఆకలితో పంపకూడదని వేడి అన్నం వండి, మునక్కాయ పులుసు పెట్టాను. పై అన్నమే పెట్టాను. మిగతావాళ్ళు బల్లల దగ్గర ఉన్నారు, వంటింట్లో మేమిద్దరమే.

"మీరు తినరామ్మా?" అన్నాడు.

"ఏకాదశి. నాకు లేదు." నీ ముద్ద తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. కాకి కాచుకునే ఉంది.

"మా డాక్టరమ్మకా?"

మా డాక్టరమ్మ అన్నాడు. నేను తిరిగి చూశాను. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. భుజం కింద సన్నగా, బియ్యపుగింజంత ఉబ్బు. "ఆయమ్మ పెట్టిందే. నొప్పి పుడతాదని నాతో పాట పాడించింది. నాకు పాటలు రావంటే ఎక్కాలన్నా చెప్పమనె. ఏడో ఎక్కం కాడ నేను తప్పు చెప్తే సూది పట్టుకునే నవ్వింది."

నేను పీట మీద కూర్చున్నాను. నిన్ను నవ్వుతుంటే చూసిన మనిషి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు, ఇన్నాళ్ళూ నేను అతనికి మాడు పెట్టాను.

"ఇంకొంచెం వేసుకో," అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలనిపించి చెప్పాను, "నా కూతురంటే వాళ్ళకీ ప్రాణమే బాబూ. నేను ఇక్కడ ముద్ద పెడతాను, వాళ్ళు పళ్ళెంలో పెడతారు."

"ఏ పళ్ళెం?"

"మీ గాజు పళ్ళెమే. మొదటి గడి దానికని వదిలేస్తారు. కనకం, మస్తాను."

అతను చెయ్యి కంచంలో అలాగే ఉంచాడు. "వదిలేస్తారంటే? ఖాళీగానా?"

"మరి. దానికని తీసింది ఎంగిలి చెయ్యకూడదు కదా."

"రెండో గడి నుంచి మొదలుపెడతారా?"

"అంతే అనుకుంటాను. నీకు చెప్పలేదా?"

"నాకెవరు చెప్తారమ్మా," అన్నాడు. లేచి నిలబడ్డాడు, చేతికి పులుసు కారుతోంది.

"తింటూ మధ్యలో లేవకు బాబూ."

"వచ్చి తింటా. కంచం తీయొద్దు."

బల్లల గది వైపు పరుగెత్తాడు.  కాసేపటికి అక్కడి నుంచి కనకరత్నం ఏడుపు వినిపించింది.

మేష్టారే వచ్చి నాకు చెప్పారు. యంత్రానికి ఎవరి మీదా ప్రేమ లేదు, మొదటి గడిలో ఉన్నది మొదటి మనిషి రక్తం అనుకుంటుంది. వీళ్ళు నీకని ఒక గడి వదిలి వెయ్యడంతో అందరూ ఒక్కో గడి పక్కకి జరిగారు. ఒకరి రక్తం ఇంకొకరి పేరున పడింది. చుక్కలు నీళ్ళలాగే ఉంటాయి, పైన పొర అతికిస్తారు, కాబట్టి ఖాళీ గడి కంటికి ఆనదు. గోడకి అవతల మాట్లాడకూడదు, కాబట్టి ఎవరూ చెప్పలేదు. ఖాళీ గడిని యంత్రం సున్నా అంటుంది, వైరస్ అణిగిపోయిన రక్తాన్ని కూడా సున్నా అనే అంటుంది.

"అంటే నా బిడ్డ గడి, ఆరోగ్యంగా ఉన్న మనిషి గడి, రెండూ ఒకలాగే కనిపించాయా?" అని అడిగాను.

"ఒకలాగే కనిపించాయమ్మా," అన్నారాయన.

ద్వాదశి

చలి బాగుంది. మేష్టారు ఇవాళ ఇదే మాట తన చేత్తో కింద రాశారు, చూడు.

కనకం నిన్నటి నుంచి తినలేదు. "వేణక్క పరువు నేనే తీశాను పిన్నీ," అంటుంది. మస్తాను వెళ్ళి ఓబులేసు పక్కన కూర్చున్నాడు. "నన్ను తిట్టరా," అన్నాడు. ఓబులేసు, "తిట్టేదానికి టయిము లేదు, పున్నమి వస్తాంది," అన్నాడు. అతని పడవ అతను లేకుండానే పోయింది. నిన్న వదిలిన కంచం సాయంత్రం వచ్చి కడిగినట్టు తిన్నాడు.

మేష్టారు కోప్పడలేదు. "వచ్చే పిల్లలకి నేర్పే మొదటి పాఠం దొరికింది. దీన్ని దాచకుండా మన పేర్లతో సహా రాద్దాం," అన్నారు. తరవాత నా దగ్గరకు వచ్చి నేల చూస్తూ నిలబడ్డారు. ముగ్గురూ మొదటి నుంచీ మళ్ళీ చదవాలట. ట్యూబుల్లో మిగిలింది అందుకు సరిపోతుంది. అంతటితో అయిపోతుంది. ఖాళీ అయిన ట్యూబుని కాల్చెయ్యాలి, రక్తం తాకిన కాగితం ముక్క కూడా ఈ ఇంట్లో ఉండకూడదు. నియమం నీదే.

"అన్నం పొయ్యి మీద ఉంది, రేపు చూద్దాం," అన్నాను.

పొయ్యి ఆర్పేసి గంట అయింది. ఆయనకి కనబడుతూనే ఉంది. "సరే అమ్మా," అని వెళ్ళిపోయారు.

త్రయోదశి

పొద్దున నేనే తాళం తీశాను. ట్రేలు ఒకదాని తరవాత ఒకటి నా చేత్తో బల్ల మీద పెట్టాను. పెట్టేటప్పుడు ఒక్కో ఏడునీ చూశాను. ఒక దాని మీద తోక కింద అంకెను తాకేసింది, పడవ ఊగి ఉంటుంది. దాన్ని కొంచెం ఎక్కువసేపు చూశాను.

"లేబుల్ ఒక్కటి ఊడదీసి ఇవ్వనా పిన్నీ, ఎవరికీ చెప్పను," అంది కనకం.

"ఇస్తే తీసుకుంటానే. అందుకే ఇవ్వకు," అన్నాను.

కనకం మొదటి ట్యూబు తీసి, మొదటి గడి మీద చెయ్యి ఆపింది. నా వైపు చూసింది. "వెయ్యి తల్లీ, అది ఆ మనిషిది," అన్నాను. వేసింది.

చతుర్దశి

చల్లగదిలో ట్యూబులు లేవు. చలి ఉంది.

మూడు పళ్ళేలూ ఒకే మాట చెప్పాయి. గింజ ఏడాదిన్నర దాకా వైరస్‌ను తల ఎత్తనివ్వడం లేదు. ఒకరిద్దరిలో తప్ప అందరిలోనూ. ఆ ఒకరిద్దరిలో ఎందుకు లేచిందో అని అప్పుడే ముగ్గురూ వాదించుకుంటున్నారు. వాళ్ళ వాదన వింటుంటే నువ్వు మధ్యలో ఉన్నట్టే ఉంది, నీ గొంతు ఒక్కటే తక్కువ.

జనం ఏటేటా ఏరు దాటక్కర్లేదు అమ్మడూ. నువ్వు అడిగినదానికి జవాబు వచ్చింది. నీకు ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాశాను.

ట్యూబులు పాత బాయిలరులో కాల్చారు. పొగ నల్లగా లేచి గట్టు వైపు పోయింది. నేను చూడకూడదనుకుని చూశాను.

బహుళ పాడ్యమి

చలి బాగుంది. పోటు నిండుగా ఉంది.

పెద్ద బడి వాళ్ళు నిన్న వచ్చారు. తమతో తెచ్చిన ట్యూబులు ముగ్గురి చేతా చదివించారు. లోపల ఏముందో వాళ్ళకి తెలుసు, మనవాళ్ళకి తెలియదు. అన్నీ సరిపోయాయి. తప్పు జరిగిన సంగతి మేష్టారు ముందే రాసి ఇచ్చేశారు. వచ్చిన పెద్దావిడ అది రెండుసార్లు చదివి, కిటికీ గట్టు మీద నీ ముద్ద వైపు చూసింది.  బడి ఇక్కడే ఉంటుంది. వచ్చే నెల కొత్తగా నలుగురు విద్యార్థులు వస్తారు.

ఓబులేసు ఇవాళ గట్టుకి పోయాడు. వాళ్ళు ఇచ్చిన చిన్న యంత్రం గోనెలో చుట్టి తీసుకుపోయాడు. అక్కడ మేకల కొట్టంలో బల్ల వేసి ఇద్దరికి నేర్పుతాడట. నువ్వు పోయిన దారే. నాచు రొట్టెలు, ఉప్పుచేప కట్టి ఇచ్చాను. "మాడు లేదామ్మా ఇందులో?" అన్నాడు. అతనికి అన్నీ తెలుసు. పడవ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. డేగ రాలేదు. ఆ పైన నాకు తెలియదు, అతను చేరాడన్న కబురు రావడానికి ఇంకో పడవ రావాలి.

ఈ పుస్తకం ఇవాళ్టితో నిండింది. కొత్తగా వచ్చే పిల్లల్లో ఒకరు చల్లగది పని నేర్చుకోవాలి, కాబట్టి తాళం వాళ్ళకి ఇచ్చేస్తాను. వంటిల్లు నాకు చాలు.

అమ్మడూ, నీ ముద్ద ఎక్కడికీ పోదు. అది కిటికీ దగ్గరే ఉంటుంది. పళ్ళెంలో మాత్రం నిన్ను వెతకను.

తాళం అందుకుని ఇది చదువుతున్న నువ్వు ఎవరి బిడ్డవో నాకు తెలియదు. ఏ ఒడ్డు నుంచి వచ్చావో నేను అడగను. అష్టమికి ఐసు ముందే పోగు చేసుకో. మొదటి గడిలో మొదటి మనిషి చుక్క వెయ్యి. మనసులో ఏదైనా పెట్టుకుంటే పైకి చెప్పు, గోడ అవతల చెప్పకూడదంటే వంటింట్లోకి వచ్చి నాకు చెప్పు. పని ఎంత ఉన్నా కంచం ముందు కూర్చో. కడుపునిండా తిను.